ఐర్లండ్ సినిమాకు స్నేహితులు కావలెను

చిట్టూరి భానోజీరావు రాసిన సర్క్యులర్‌లోంచి చీమ కూడా బయటపడలేదని జిల్లా ఆనంద సమన్వయ కార్యాలయంలో గొప్ప పేరు. ఆనంద సమన్వయ కార్యాలయం అంటే నవ్వకండి. ప్రజలు సరిపడా ఆనందంగా లేరని పైవాళ్ళకు అనుమానం వచ్చి, జిల్లాకొకటి చొప్పున ఆ ఆఫీసులు పెట్టారు. బోర్డు పెట్టారు, బీరువాలు కొన్నారు, ఆనందం మాత్రం ఇంకా శాంక్షన్ కాలేదు. భానోజీరావు అందులో సీనియర్ అసిస్టెంటు. వయసు ముప్పై ఏడు. పెళ్ళి కాలేదు.

ఒక సోమవారం పొద్దున్నే అధికారి దండపాణిగారు కబురంపించారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యం చివరా ఒక రబ్బరు స్టాంపు పడినట్టుంటుంది.

"భానోజీ! రాష్ట్రస్థాయి లాటరీలో మన జిల్లాకు ఐర్లండ్ తగిలింది."

"అదృష్టమండి. ఐర్లండ్ తగలడమేంటండి?"

"ప్రపంచ చలనచిత్ర ఆనందోత్సవం. జిల్లాకో దేశం. పక్క జిల్లాకి జపాన్ వెళ్ళింది. వాళ్ళకేం, కరాటే చూపించి చేతులు దులిపేసుకుంటారు. మనం ఐర్లండ్ సినిమానీ, ఆ దేశపు నటీనటుల్నీ కుటుంబ సభ్యులతో, స్నేహితులతో కలిసి ఉత్సాహపూరితంగా వేడుక చేసుకోవాలి. ఉత్తర్వులో ఆ మాటలే ఉన్నాయి."

"ఐర్లండ్‌లో సినిమాలు తీస్తారాండి?"

"తీస్తారో తీయరో అది వాళ్ళ బాధ్యత. ఆనందించడం మన బాధ్యత. జిల్లాలో ప్రతి ప్రభుత్వోద్యోగీ హాజరు కావాలి. ఊరికే హాజరైతే చాలదు. కుటుంబ సభ్యులతో, స్నేహితులతో అన్నారు కదా? ఒంటరిగా వచ్చినవాడు ఆనందించడయ్యా, నిద్రపోతాడు. అంచేత ఒంటరిగాడికి తలుపు తీయకూడదు. నీ చేత్తో రాసుకురా. చీమ దూరకూడదు."

భానోజీరావు రాశాడు. తిండి కూడా మర్చిపోయి రాశాడు. ప్రతి ఉద్యోగీ కనీసం ఒక కుటుంబ సభ్యుణ్ణీ, ఇద్దరు స్నేహితుల్నీ వెంట తేవలెను. ఒంటరి వ్యక్తులకు ఎట్టి పరిస్థితుల్లోనూ ప్రవేశం లేదు, హోదాతో నిమిత్తం లేదు. ఒక మనిషిని ఒక్క ఉద్యోగి మాత్రమే తనవాడిగా చూపుకొనవలెను. ఇద్దరు ముగ్గురికి స్నేహితుడిగా తేలిన వ్యక్తి మొత్తానికే అనర్హుడు. ఫోన్లు గేటు దగ్గర ఇచ్చివేయవలెను. ప్రదర్శన ముగియువరకు థియేటరు ఆవరణ దాటరాదు. అందరూ గొప్పగా చెప్పుకున్నది ఏడో నిబంధన: "వివాహము, ఉపనయనము, గృహప్రవేశము మొదలగు సాకులు చెల్లవు. ఉద్యోగి స్వయముగా మరణించిన యెడల ముందస్తు అనుమతి పొందవలెను."

తేదీ మాత్రం ఖాళీగా వదిలాడు. అది పైనుంచి రావాలి. దండపాణిగారు చదివి, కళ్ళజోడు తీసి, "నీకు పెళ్ళెందుకు కాలేదో ఇప్పుడర్థమైందయ్యా. ఇంత శ్రద్ధ ఆఫీసు మీద పెట్టేశావు" అన్నారు. భానోజీరావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

నిజానికి అతనికి పెళ్ళి కుదిరింది. ఆ సంగతి ఆఫీసులో చెప్పుకోలేదంతే. ఎన్ని సంబంధాలు చూశారో వాళ్ళమ్మ మాణిక్యమ్మే లెక్కపెట్టడం మానేసింది. సాఫ్ట్‌వేర్ కాదని ఒకరు, జుట్టు పల్చబడిందని ఒకరు, ఆనంద సమన్వయం అంటే ఏం పనో తెలియలేదని ఒకరు వద్దన్నారు. చివరికి ఏరియా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు హైమవతి సరేనంది. పెళ్ళిచూపుల్లో ఆమె అడిగిందొక్కటే: "మీ ఆఫీసులో ఎవరైనా నవ్వుతారాండి?" భానోజీరావు ఆలోచించి, నిజాయితీగా, "లేదండి" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. అక్కడే కుదిరిపోయింది. భానోజీరావుకి ఆ నవ్వు మీద ప్రాణం. బస్సులో కూర్చున్నా ఆ నవ్వే వినబడి, పక్కవాళ్ళు అనుమానంగా చూసేట్టు తనలో తను నవ్వుకునేవాడు.

శుక్రవారం నాడు పైనుంచి తేదీ వచ్చింది. ఐర్లండ్ నుంచి ఒక పెద్ద నటుడు ఆ వారం ఈ రాష్ట్రంలో ఉంటాడట, ఆ పూట మన జిల్లాకి ఖాళీ చేసుకున్నాడట. భానోజీరావు తేదీ చూశాడు. వేళ చూశాడు. మళ్ళీ చూశాడు. అది తన పెళ్ళిరోజు. ఆ వేళ తన ముహూర్తం. కుడితిలో పడ్డ ఎలుకలా కుర్చీలోనే గిలగిల్లాడిపోయాడు.

దండపాణిగారి గదిలోకి వెళ్ళి నీళ్ళు నమిలాడు. "సార్, ఆ రోజు నాకు చిన్న పనుందండి. పెళ్ళి."

"ఎవరి పెళ్ళి?"

"నాదేనండి."

దండపాణిగారు ముందు శుభాకాంక్షలు చెప్పారు. తరవాత ఫైలు తీసి ఏడో నిబంధన మీద వేలు పెట్టారు. "సాకులు! ఆ మాట ఎలా తట్టిందయ్యా నీకు? హెడ్డాఫీసువాళ్ళు పదమూడు జిల్లాలకీ ఈ క్లాజే నమూనాగా పంపించారు. ఇప్పుడు రాసినవాడికే మినహాయింపు ఇచ్చానంటే నీ ప్రతిభను నేనే అవమానించినట్టవుతుంది. నేనా పాపం మూటగట్టుకోలేను."

"మరి నా పెళ్ళండి?"

"వాయిదా వేసుకో. లేదా స్వయముగా మరణించు. ముందస్తు అనుమతి నేనిప్పిస్తాను." తన హాస్యానికి తనే ముచ్చటపడి, కాఫీ తెప్పించుకున్నారు. ఒక్క కప్పే.

హైమవతి ఆసుపత్రి వరండాలో మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని కూర్చుంది. విన్నంతసేపూ పెరుగన్నం కలుపుతూనే ఉంది.

"వాయిదా అంటారా? ముహూర్తం దాటితే మూఢం వచ్చేస్తదండి. ఆ తరవాత మా బామ్మ ఉంటదో లేదో, శుభలేఖలు మళ్ళీ అచ్చేయిస్తారో లేదో. నేనొకటే చెప్తా. ఇంకో సంబంధం చూసుకుంటానని బెదిరించట్లేదు. అసలు ఏ సంబంధమూ చూసుకోను. నాకు విసుగొచ్చేసింది. చీర కట్టుకుని బిస్కెట్ల ప్లేటు పట్టుకుని నడవడం ఇహ నా వల్ల కాదు. ఆ పూట మీరు తాళి కట్టారా, పెళ్ళి. లేదా, ఈ జన్మకి ఇంతే. ఎవరు రాశారండీ అంత దిక్కుమాలిన రూలు?"

భానోజీరావు తల దించుకున్నాడు.

"మీరే రాశారా?" హైమవతి పెరుగన్నం పక్కకి నెట్టేసింది. "మీరు రాసిందే కదా. మీరే చెరపండి." క్యారేజీ మూత పెట్టేసి వార్డులోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నవ్వలేదు.

చెరపడానికి ఎక్కడుంది సందు! సర్క్యులరు అప్పటికే ఊరిమీద పడింది. జిల్లాలో బంధువులకు అంత గిరాకీ ఏనాడూ లేదు. ఒక మనిషి ఒకరికే అనేసరికి, ముందు పట్టుకున్నవాడిదే బావమరిది అయిపోయాడు. గట్టు తగాదాలో ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకరింటి ముందు ఒకరు పూతరేకులు పట్టుకుని నిలబడ్డారు. ట్రెజరీ ఆఫీసరొకాయన రైల్వే స్టేషన్లో దిగినవాడినల్లా "మీది ఏ ఊరండి, మనం ఎక్కడో కలిశాం" అని పలకరించడం మొదలెట్టాడు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన ఇళ్ళలో పిల్లలు ఎవరి కోటా అని పంచాయితీలయ్యాయి.

స్నేహితులకు మరీ కరువొచ్చింది. స్నేహితుడని ఊరికే అంటే ఎవరు నమ్ముతారు? తహశీల్దారు ఆఫీసు నుంచి స్నేహ ధ్రువీకరణ పత్రం తేవాలన్నారు. దానికి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గవర్రాజు విచారణ. గవర్రాజు మంచివాడే. రూలు ఎక్కడుంటే అక్కడ నిలబడతాడు, రూలు లేనిచోట కూర్చుంటాడు, అంతే.

భానోజీరావుకి చిన్నప్పటి నుంచి ఒకడే స్నేహితుడు, బుల్లెబ్బాయి. బజార్లో సైకిళ్ళ కొట్టు వాడిది. గవర్రాజు వాడి కొట్టుముందు స్టూలేసుకుని విచారణ పెట్టాడు. చుట్టూ జనం పోగయ్యారు.

"మీరిద్దరూ గత మూడేళ్ళలో పోట్లాడుకున్నారా?"

"రోజూ పోట్లాడుకుంటామండి. నిన్న కూడా వీడు నా పంపు పట్టుకుపోయి ఇవ్వలేదండి."

"రోజూ కలహం ఉన్నట్టు వాంగ్మూలం" అని గవర్రాజు రాసుకున్నాడు. "ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు?"

బుల్లెబ్బాయి చెప్పాడు. అక్కడున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. గవర్రాజు కలం దించేశాడు.

"పరస్పర గౌరవం శూన్యం. స్నేహం నిర్ధారణ కాలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది." మర్నాడే ఎక్సైజు సూపరింటెండెంటు వచ్చి, "బుల్లెబ్బాయిగారూ, తమరు" అని మర్యాదగా మాట్లాడి, వాడికి ధ్రువీకరణ చేయించుకుని తన స్నేహితుడిగా పట్టుకుపోయాడు. బుల్లెబ్బాయి భానోజీరావు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "నన్నెవరూ ఎప్పుడూ గారూ అనలేదురా. కాదనలేకపోయాను. ఏమనుకోకురా" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. భానోజీరావుకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

అంతటితో ఆగిందా! దండపాణిగారి భార్యాపిల్లలు రాజధానిలో ఉంటారు. ఐర్లండ్ సినిమాకి రమ్మంటే ఆవిడ ఫోన్ పెట్టేసిందట. ఆయనకూ కుటుంబ సభ్యుడు కావాలి కదా. "భానోజీ, మాణిక్యమ్మగారిని నా మాతృమూర్తి కేటగిరీలో చేర్చడమైనది. నీకేమైనా అభ్యంతరమా?" అన్నారు. పైఅధికారి నీ తల్లిని తల్లి అంటానంటే ఏమని కాదంటావు? మాణిక్యమ్మ మాత్రం, "నేను కన్నది నిన్ను. ఆయన్ని కన్నట్టు సంతకం పెట్టడమేంట్రా, నా కర్మ!" అని శోకాలు పెట్టింది.

ఇలా అన్ని వైపులా గోడలు కట్టుకున్నాక భానోజీరావుకి ఒక ఆలోచన వచ్చింది. చుట్టాలనీ స్నేహితుల్నీ థియేటర్లోంచి పెళ్ళికి తీసుకురాలేడు. పెళ్ళిని థియేటర్లోకి తీసుకుపోతే? ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక నోటు పెట్టాడు: "ఐర్లండ్ అతిథికి స్థానిక కుటుంబ ఆనందమును ప్రత్యక్షముగా ప్రదర్శించు నిమిత్తము, తెర ముందు ఒక నమూనా వివాహము జరిపించుట సముచితము. వధూవరులు సిద్ధముగా ఉన్నారు."

దండపాణిగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. "నమూనా వివాహం! ఖర్చు ఎవరిది? మీదేనా? అయితే మంజూరు." తరవాత షరతులు ఒక్కొక్కటే దిగాయి. పెళ్ళి ముగిశాకే సినిమా అంటే కుదరదు, రెండూ ఏకకాలంలో జరగాలి. హోమగుండానికి అగ్నిమాపక శాఖ అనుమతి రాలేదు కాబట్టి నిప్పు బదులు బల్బు పెట్టుకోవాలి. పురోహితుడు అప్పలశాస్త్రిగారు ఆ మాట విని జంధ్యం పట్టుకుని, "బల్బు చుట్టూ ఏడడుగులేంటయ్యా? కరెంటు పోతే విడాకులా?" అని మండిపడ్డారు. భానోజీరావు ఆయన కాళ్ళమీద పడినంత పని చేశాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు కదా అని చివరికాయన మెత్తబడ్డారు.

హైమవతికి చెప్పాడు. "సినిమా హాల్లో పెళ్ళి" అంది మెల్లగా. "ముందు వరసలోనా, బాల్కనీలోనా?" అని, ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుతో భానోజీరావుకి ప్రాణం లేచొచ్చింది.

ఉత్సవం రోజున శ్రీ మణిమేఖల టాకీసు ముందు ఊరు ఊరంతా ఉంది. ఏ శాఖకా శాఖ ఒక్కో ఐర్లండ్ నటుడికి అభిమాన సంఘం పెట్టింది. అధ్యక్షుడికి రోస్టరు ప్రకారం రిజర్వేషను. నీటిపారుదల శాఖవాళ్ళు తమ నటుడికి "కుంభవృష్టి స్టార్" అని బిరుదిచ్చారు. ఫ్లెక్సీ మీద పైన పెద్ద పెద్ద బొమ్మలు అధికారులవి. వాటికింద గుండ్రటి బొమ్మలు అధికారుల పిల్లలవి. ఆ కింద, మూలన, ప్రెస్సువాడి ఫోన్ నంబరు పక్కన, ఐర్లండ్ నటుడు. మీసం లేకపోతే హీరో అని ఎవరనుకుంటారని ప్రెస్సువాడే ఆయనకి కోరమీసం పెట్టాడు. కటౌటుకి పాలాభిషేకం పశుసంవర్ధక శాఖ చేతుల మీదుగా జరిగింది. పాలు పైనుంచి కారి మీసం ఒకవైపు ఊడింది.

భానోజీరావు పట్టు పంచె కట్టుకుని, నుదుట బాసికంతో, కళ్యాణతిలకంతో వచ్చాడు. కారు దిగుతుండగానే దండపాణిగారు ఎదురొచ్చారు. "అతిథి గెస్ట్‌హౌసులో ఉన్నాడు. డ్రైవరుకి ఇంగ్లీషు రాదు. వెళ్ళి తీసుకురా."

"సార్, నేను పెళ్ళికొడుకునండి."

"పెళ్ళికొడుకు ఇంగ్లీషు మర్చిపోతాడా? వెళ్ళు."

వెళ్ళాడు. ఫెర్గస్ అనే ఆ నటుడు ఒక ముసలాయన. ఎర్రటి మొహం, తెల్ల గడ్డం, నలిగిన కోటు, టోపీ. బాసికం వైపు ఆశ్చర్యంగా చూసి, కారెక్కాడు. దారిలో గేదెలు అడ్డమొచ్చాయి. ఆయన కిటికీలోంచి చూస్తూ, "మా ఊళ్ళో గొర్రెలు ఇలాగే చేస్తాయి" అన్నాడు. వాళ్ళు థియేటరు చేరేసరికి గేట్లు మూసేశారు. గేటు దగ్గర గవర్రాజు ఉన్నాడు.

"గవర్రాజుగారూ, ముఖ్య అతిథిని తీసుకొచ్చానండి. తలుపు తీయండి. ముహూర్తానికి వేళయింది."

గవర్రాజు సర్క్యులరు తీశాడు. "ఈయనతో కుటుంబ సభ్యులెవరు?"

"ఈయన ఐర్లండ్ నుంచి ఒక్కడే వచ్చాడండి."

"ఒంటరి వ్యక్తి. హోదాతో నిమిత్తం లేదు. తమరి వెంట ఎవరు?"

"మా అమ్మ లోపలుందండి!"

"ఆవిడ దండపాణిగారి మాతృమూర్తి. స్నేహితులు?"

తను రాసిన ప్రతి వాక్యమూ తలుపుకి ఒక గడియలా అడ్డం పడింది. ఫోన్ చేద్దామంటే లోపలి ఫోన్లన్నీ గవర్రాజు పక్కన బుట్టలో ఉన్నాయి. అవి ఒకదాని తరవాత ఒకటి మోగుతున్నాయి. గవర్రాజు ఎత్తడు, ఎత్తమని రూల్లో లేదు.

టికెట్ కౌంటరు మెట్లమీద అప్పుడే ఇంకొకరు లేచి నిలబడ్డారు. అప్పలశాస్త్రిగారు. సంచి చంకలో ఉంది. "నన్నూ గెంటేశారయ్యా! నాకు తెలియకుండా ముగ్గురు గుమాస్తాలు నన్ను స్నేహితుడిగా రాసుకున్నారట. అందరివాడినని అనర్హుణ్ణి చేశారు!"

భానోజీరావు మెట్లమీద కూలబడిపోయాడు. లోపల సినిమా మొదలైన చప్పుడు వినిపించింది. ఎక్కడో వాన కురుస్తోంది, సముద్రం, ఇంకేం లేదు. హీరో ఎంట్రీకి ఈల వేయించడానికి ఒక ఉత్సాహ పర్యవేక్షకుణ్ణి పెట్టారు. ఆయనకి హీరో ఎవరో తెలియక, తెరమీద మొదట కనబడిన గొర్రెకి ఈల వేయించేశాడు. హాలు దద్దరిల్లింది.

ఫెర్గస్‌కి సంగతంతా అర్థమయ్యేలా చెప్పడానికి భానోజీరావుకి కొంతసేపు పట్టింది. ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "నా సినిమాలకి మా ఊళ్ళో ఎవరూ రారు. ఇక్కడ నన్నే రానివ్వట్లేదు. ఇదే గౌరవంగా ఉంది" అన్నాడు. తరవాత భానోజీరావు మొహం చూసి, భుజం మీద చెయ్యి వేసి పక్కనే కూర్చున్నాడు. ఆ చెయ్యి పడేసరికి, పెళ్ళికొడుకు వేషంలో నడివీధిలో, భానోజీరావు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ళకు ఒకమ్మాయి తనని చూసి నవ్వింది, ఆమెని తన కలమే దూరం చేసిందని ఏడ్చాడు.

లోపల హైమవతి తెరముందు పీట మీద కూర్చుని, తలమీద గొర్రెలు నడుస్తుంటే ఎదురుచూసింది. కాసేపటికి లేచింది. తండ్రి చెవిలో ఏదో చెప్పింది. మాణిక్యమ్మ చెవిలోనూ చెప్పింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి సరాసరి గేటు దగ్గరికొచ్చింది.

"తలుపు తియ్యండి."

"ప్రదర్శన ముగియువరకు..." అని గవర్రాజు మొదలెట్టాడు.

"గవర్రాజుగారూ, మిమ్మల్ని కుక్క కరిచినప్పుడు ఇంజెక్షన్లేసింది ఎవరు? ఇంకా ఒకటి మిగిలుందా లేదా? మంగళవారం నా వార్డుకే రావాలి. చిన్న సూది ఉంది, పెద్ద సూదీ ఉంది. ఆలోచించుకోండి."

గవర్రాజు ఆలోచించుకున్నాడు. నర్సులు ఉద్యోగ విధి నిమిత్తం బయటికి వెళ్ళరాదని సర్క్యులర్లో ఎక్కడా లేదని ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. తలుపు తీశాడు.

"ఏడుస్తూ కూర్చున్నారా?" అంది హైమవతి, మెట్లమీద మొగుడు కాబోయేవాణ్ణి చూసి. "లెండి. శాస్త్రిగారూ, తాళి ఏదండి?"

"నా సంచిలోనే ఉందమ్మా. జీలకర్ర, బెల్లం కూడా. నన్ను గెంటేయడమే మంచిదైంది."

"మరి కన్యాదానం? మీ నాన్నని దాటనివ్వరుగా" అని శాస్త్రిగారు అంటుండగానే పైనుంచి కేక వినిపించింది. థియేటరు బాల్కనీకి ముందు ఒక వరండా ఉంది, ఇంటర్వెల్‌లో జనం సిగరెట్లు కాల్చుకునేది. అది సరిగ్గా పోర్టికో నెత్తిమీద ఉంటుంది. హైమవతి తండ్రి చెంబు పట్టుకుని అక్కడ నిలబడ్డాడు. పక్కనే హైమవతి తల్లి. వాళ్ళ వెనక మాణిక్యమ్మ, గుప్పిట్లో అక్షింతలతో ఆయాసపడుతోంది.

గవర్రాజు పైకి చూసి, సర్క్యులరు చూసి, మళ్ళీ పైకి చూశాడు. "వరండా థియేటరు ఆవరణలోదే. అభ్యంతరం లేదు" అన్నాడు.

"కాళ్ళు కడగండి!" అన్నారు శాస్త్రిగారు. మావగారు పైనుంచి చెంబు వంచాడు. కాళ్ళమీద పడాల్సిన నీళ్ళు అల్లుడి నెత్తిన పడ్డాయి. "ఫరవాలేదు, గంగ శివుడి నెత్తినే కదా పడింది, కానివ్వండి!" అని శాస్త్రిగారు మంత్రం అందుకున్నారు. వధూవరుల మధ్య అడ్డంగా పట్టడానికి ఉత్తరీయం తీశారు. ఒక చివర ఫెర్గస్ చేతికిచ్చారు. రెండో చివరకి మనిషి లేడు. గవర్రాజు నాలుగు వైపులా చూసి, "పట్టుకోరాదని నిబంధన లేదు" అని తనే వచ్చి పట్టుకున్నాడు.

ఈలోగా హాల్లో గుసగుస పాకింది. బుల్లెబ్బాయి ఎక్సైజు సూపరింటెండెంటు పక్కనుంచి లేచాడు. "ఏమండీ బుల్లెబ్బాయిగారూ, ఎక్కడికి?" అంటే, "గారూలేదు, గీరూలేదు, మా వెధవ పెళ్ళండి" అని బాల్కనీ మెట్లమీదికి పరిగెత్తాడు. వాడి వెనక ఒక వరస లేచింది. ఆ వెనక ఇంకో వరస. అరువు తెచ్చుకున్న మేనత్తలు, ఆత్రంగా పట్టుకున్న బావమరుదులు, ధ్రువీకరించబడిన స్నేహితులు, ఒకరినొకరు తోసుకుంటూ అందరూ వరండా ఎక్కారు. చివరికి ఉత్సాహ పర్యవేక్షకుడు కూడా.

జీలకర్రా బెల్లం నెత్తిన పడ్డాయి. జీలకర్రా బెల్లం నెత్తిన పడ్డాయి. భానోజీరావు తాళి కట్టాడు. మూడో ముడి పడగానే పైనుంచి ఈలలు, కేకలు, అక్షింతల వాన. "ఒరేయ్ నా బంగారం!" అని మాణిక్యమ్మ బిగ్గరగా ఏడుస్తూ గుప్పిట విప్పింది. హైమవతి తలెత్తి ఆమెను చూసి, తడిసి ముద్దయిన మొగుణ్ణి చూసి, పకపకా నవ్వింది. ఫెర్గస్ టోపీ తీసి గాల్లోకి విసిరాడు. ఏ శాఖా ఏర్పాటు చేయని ఉత్సాహం అది.

చీకటి హాల్లో ముందు వరసలో దండపాణిగారు ఒక్కరే ఉన్నారు. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు, అధికారులు వెనక్కి చూడరు. బయటి ఈలలు విని, తెరమీద వానలో నిలబడ్డ ముసలాయన్ని చూసి, "ఆహా, ఏం స్పందన! చూశావామ్మా?" అని పక్క సీటు వైపు చెయ్యి చాచారు. సీటు ఖాళీ. అప్పుడే మొహమ్మీద టార్చిలైటు పడింది.

"తమరితో కుటుంబ సభ్యులెవరండి?" అన్నాడు గవర్రాజు.

"నేనయ్యా! దండపాణిని!"

"హోదాతో నిమిత్తం లేదండి. స్నేహితులు?"

దండపాణిగారు చుట్టూ చూశారు. హాలు నిండా కుర్చీలు. తెరమీద గొర్రె ఒకటి ఆయన వైపే చూస్తోంది. గవర్రాజు మర్యాదగా మోచెయ్యి పట్టుకుని నడిపించి, గేటు బయట వదిలి, తలుపు వేసేశాడు.

పోర్టికోలో అప్పటికి విస్తళ్ళు పరుస్తున్నారు. ఫెర్గస్ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అప్పడం విరుస్తున్నాడు. బుల్లెబ్బాయి వరండా పిట్టగోడ దిగి వచ్చి భానోజీరావు వీపుమీద ఒకటి చరిచి, నలుగురిలో అనకూడని మాటతో ఆశీర్వదించాడు. దండపాణిగారు నెత్తిమీద పడ్డ అక్షింతలు దులుపుకుంటూ కాసేపు నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "భానోజీ, నన్ను కూడా నీ స్నేహితుల్లో రాసుకోరాదూ" అన్నారు.

భానోజీరావు హైమవతి పక్కన కూర్చుంటూ వినయంగా తలెత్తాడు.

"దరఖాస్తు పెట్టుకోండి సార్. గవర్రాజుగారు విచారణకొస్తారు."